చిన్న రైలు దారిలో పాదాలమ్మ

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసిన ప్రతివారూ ఆ గుండ్రని అద్దాల మేడ చూశావా అని అడుగుతున్నారు. చూశాను, దూరం నుంచి. ఎండలో అది తోమి బోర్లించిన ఇత్తడి గంగాళంలా మెరుస్తుంది. దాన్ని గురించి అంతకుమించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను వెళ్ళింది దానికి అవతల, నల్లగండ్లకు ఇవతల, బండరాళ్ళ మధ్య ఉన్న పిట్టలబండ అనే చిన్న ఊరికి. ఆ ఊరి మీదుగా చిన్న రైలు వేస్తారట. కలకత్తాలో రోడ్డు మీద మనుషుల పక్కనే నడుస్తుందే, ట్రాము, అలాంటిది. ఎక్కుదామని మీరు బయలుదేరితే మాత్రం అది ఇంకా లేదు. నేను చూసింది నేల మీద గీసిన సున్నపు గీతను.

పిట్టలబండ ఒకప్పుడు మాది. గొప్పకు చెప్పడం లేదు, ఇది చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. మా తాతగారు, నాన్నగారు ఆ ఊరికి దేశ్‌ముఖులు, జనం నోట దొరలు. నాకు ఎనిమిదో ఏట మా అమ్మ పోయింది. ఆ తర్వాత కొద్ది కాలానికే నిజాము పాలన పోయింది, మా పెత్తనమూ పోయింది. నాన్నగారు నన్ను తీసుకుని రాజమండ్రిలో మా పెద్దమ్మగారి వీధిలో కాపురం పెట్టారు. ఏలిన ఊరికి చుట్టపుచూపుగా పోకూడదనేది ఆయన నియమం. ఆయన పోయాక కూడా నేను దాన్ని తప్పలేదు.

మా అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. ఘోషాలో ఉన్న మనిషికి ఫోటో ఎవరు తీస్తారు? ఆమె ముఖం నాకు గుర్తు లేదు. పరదా కింద నుంచి కనిపించే పాదాలే గుర్తు. దహనం చేసిన చోట నాన్నగారు అరుగు కట్టించి, పీటంత నల్లరాతి మీద ఆ పాదాలు చెక్కించి పెట్టారు. బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు. చెక్కేవాడు దాన్ని సరిచేయబోతే నాన్నగారు ఒప్పుకోలేదు.

మా ఆవిడ అన్నగారి అబ్బాయి శ్రీనివాసు ఆ రైలు దారి గీసే కంపెనీలో పనిచేస్తున్నాడు. దారి ఖాయం చేసే ముందు అక్కడ ఉండేవాళ్ళను పిలిచి, చూపించి, ఎటు పోతే మంచిదో అడగడం అతని పని. ఈసారి పిట్టలబండ వంతు వచ్చిందనీ, వచ్చి చూడమనీ ఫోన్ చేశాడు. ఊరు చూడాలని ఉంది, వస్తానన్నాను. ఆ గీత మా అమ్మ అరుగు మీదుగా పోతుందేమోనన్న భయం నన్ను బయలుదేరదీసిందని అతనికి చెప్పలేదు.

బాలానగర్

సికింద్రాబాదు స్టేషన్ బయట ఆటోవాడితో బేరమాడలేదు. బేరమాడటం మా ఇంట్లో లేదు. అతను అడిగింది విన్నాక ఆ అలవాటు ఉంటే బాగుండేదనిపించింది. బాలానగర్‌లో దిగబోతుంటే ఆటో రేకుకు తగులుకుని గంజి పెట్టిన నా పంచె మోకాలి దాకా చిరిగింది. "ఫికర్ చెయ్యకు సాబ్, మా అన్న టైలర్ ఉన్నడు" అని అతను నన్నొక కొట్టుకు తీసుకుపోయాడు. పంచె మిషను మీద ఉన్నంతసేపూ తువ్వాలు చుట్టుకుని, బీరువా వెనక, ఎవరైనా చూస్తే దర్బారులో ఉన్నట్టే కనిపించాలని నిటారుగా నిలబడ్డాను. టైలరు డబ్బు తీసుకోలేదు, పైగా చాయ్ తెప్పించాడు. దాన్ని సాసరులో పోసుకుని తాగాలి. పాలు మరిగి మరిగి కోవా రుచికి వస్తాయి. పక్కన ఉప్పూ తీపీ కలిసిన బిస్కెట్టు ఒకటి ఇస్తారు. మన కాఫీ తాగాక నాలుక మీద ఉంటుంది, ఆ చాయ్ గొంతులో ఉండిపోతుంది.

శ్రీనివాసు ఒక వర్క్‌షాపు పై వాటాలో కిరాయికి ఉంటున్నాడు. కింద లేతు మిషన్లు తిరిగినంతసేపూ నేల సన్నగా వణుకుతుంది, గ్లాసులో మంచినీళ్ళు కూడా. వంట అతనే చేశాడు, వంకాయ కూర, మాడింది. ఆ వీధిలో ఎవరిని పలకరించినా మరో ఊరి పేరు చెబుతారు. ఒకరిది భీమవరం, ఒకరిది కడప, ఒకరిది నంద్యాల. ఉద్యోగాలకూ భూముల బేరాలకూ అందరూ వచ్చినవాళ్ళే. ఈ చుట్టుపక్కలే పుట్టానని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

ఎర్ర గుడ్డలు

మర్నాడు ఇద్దరం బస్సులో పిట్టలబండ వెళ్ళాం. దారి పొడుగునా బండ మీద బండ, ఎవరో ఆడుకుని సర్దకుండా వదిలేసినట్టు. చిన్నప్పుడు ఏనుగు బండ అని పిలిచేదాని కోసం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అది కంకరైపోయి ఏ మేడ గోడల్లో కలిసిందో. మా గడి, అంటే దొరల కోట, ఉన్న చోట ఒక కంపెనీ ప్రహరీ గోడ లేచింది. గోడ లోపల అద్దాలు, పచ్చిక, నీళ్ళు చిమ్మే గొట్టాలు. గోడ ఇవతల పాలమూరు నుంచి వచ్చి స్థిరపడిన రాళ్ళు కొట్టేవాళ్ళ ఇళ్ళ వరస. పాత ఊరివాళ్ళు ఎక్కువమంది అమ్ముకుని వెళ్ళిపోయారట.

శ్రీనివాసు పద్ధతి ఇదీ. రైలు ఎంత వెడల్పున పోతుందో నేల మీద సున్నంతో గీయించి, గీత పొడుగునా గుంజలు పాతించాడు. ఇంటికొక ఎర్ర గుడ్డ ఇచ్చాడు. గీత వెంట అందరితో కలిసి నడిచాడు. రైలు ఎక్కడికి రాకూడదనుకుంటారో అక్కడి గుంజకు తమ గుడ్డ కట్టాలి. ఈ ఊళ్ళో దారిని ఒక్కచోటే వంచడానికి వీలుంది. గుడ్డలు ఎక్కువ ఎక్కడుంటే అక్కడ వంపు. మన వైపు రోడ్డు వేసినా కాలవ తవ్వినా ఇలా అడిగిన సర్కారును నేను చూడలేదు. గుడ్డలు పంచుతుంటే నేనూ చెయ్యి చాపాను.

"మామయ్యా, ఇవి ఇక్కడ ఉండేవాళ్ళకేనండీ" అన్నాడు శ్రీనివాసు, నెమ్మదిగా, ఎవరికీ వినబడకుండా.

చెయ్యి వెనక్కి తీసుకుని అంగీ సర్దుకున్నాను.

పాత ఊరివాడు సాయిలు అనే ముసలాయన కర్ర పట్టుకుని గీత పక్కన నిలబడి ఉన్నాడు. ఏమైనా చెబుతావా తాతా అని శ్రీనివాసు అడిగితే ఆయన కర్రతో గీతను చూపించాడు.

"అప్పట్ల దొర గిట్లనే గీత గీసిండు. గది దాటి ఎవ్వలు చెప్పులేసుకొని రావద్దన్నడు. ఇయ్యాల మీరు గీత గీసి, ఎటు గీయాల్నో మమ్ములనే అడుగుతున్రు. గదే పరేషాన్ ఉన్నది నాకు."

అందరూ నవ్వారు. ఆ దొర మా నాన్నగారు. నేను నవ్వలేదు, తల దించనూ లేదు.

గీత వెంట నడుస్తూ ఇళ్ళ వరస చివరికి వచ్చాం. ఒక పక్క కంపెనీ గోడ, ఇంకో పక్క ఒక రాతి ఇల్లు, రెంటి మధ్యా సరిగ్గా గీత మీద, రేకు కప్పు కింద, మా అమ్మ అరుగు. గాజులు, వేపమండలు, నిమ్మకాయలు, మందంగా పసుపు. ఆ పసుపు కింద కూడా పక్కవేలు పొడుగు తెలిసింది. దగ్గరికి పోబోతుంటే ఒకామె చెప్పులు విప్పమంది. ఆమె పేరు ఎల్లమ్మ. ఆ రాతి ఇల్లు ఆమెదే. రోజూ ఆ రాతిని కడిగి పసుపు రాసేది కూడా ఆమే. ఇది పాదాలమ్మ అని చెప్పింది. వాళ్ళు పాలమూరు నుంచి వచ్చినప్పుడు ముళ్ళ పొదలో పాదాలు దొరికాయట. ఏ ఇంట్లోనూ లేకుండా, పేరు లేకుండా, అడవిలో ఒంటరిగా ఉన్న ఆడదాని పాదాలు అమ్మవారివి కాక ఎవరివవుతాయి? బండకు మందు పెట్టి పేల్చే ప్రతిసారీ ముందు ఇక్కడ కొబ్బరికాయ కొట్టి వెళ్ళేవాళ్ళు. ఆషాఢంలో బోనాలు ఎత్తేదీ ఇక్కడే.

"మా అమ్మకు బొటనేలు కన్న పక్కేలు పొడుగు సూడు సారూ. గసుంటి ఆడిది మొగని మాట ఇనదంటరు. ఇగ రైలు మాట ఇంటదా?" అంది.

ఆ పూట కట్టిన గుడ్డలన్నీ పాదాలమ్మ గుంజకే. గీతకు తగిలే బడి దగ్గర కట్టలేదు, బోరింగు దగ్గరా కట్టలేదు. సరే, ఇక్కడే వంపు పెడతామన్నాడు శ్రీనివాసు. కంపెనీ గోడ జరగదు కనక వంపు ఇళ్ళ వైపే తిరగాలి. తిరిగితే పోయేది ఒక్క ఇల్లు, ఎల్లమ్మది. అతను ఆమెను పక్కకు పిలిచి ఈ సంగతి రెండుసార్లు విడమరిచి చెప్పాడు. సర్కారు ఇంకెక్కడో ఇల్లు ఇస్తుందని కూడా చెప్పాడు. తెలుసు, పోనీ అంది ఆమె. తన గుడ్డ మాత్రం విప్పలేదు.

నాకు సంతోషం కలిగింది. వచ్చిన పని నోరు తెరవకుండానే అయింది. ఆ సంతోషం బస్సు బాలానగర్ చేరేదాకా కూడా నిలవలేదు.

ఎల్లమ్మ ఇల్లు

మర్నాడు శ్రీనివాసు ఆఫీసుకు వెళ్ళాక ఒక్కణ్ణే వెళ్ళాను. ఎల్లమ్మ వాకిట్లో రొట్టెలు చేస్తోంది. వచ్చినవాణ్ణి తినకుండా పోనివ్వనంది. బయటివాళ్ళ ఇళ్ళలో తినే అలవాటు మాకు లేదని చెప్పబోయి, ఎవరికి చెబుతున్నానో, ఏ హోదాతో చెబుతున్నానో ఆలోచించి కూర్చున్నాను. జొన్నరొట్టె, పుంటికూర. మన గోంగూరనే అక్కడ పుంటికూర అంటారు. మనం నూనెలో ముంచుతాం, వాళ్ళు పచ్చిమిరపకాయలతో ఉడికించి నలిపేస్తారు. కన్నీళ్ళు తెప్పించే కూర, అది ఆ పూటకు నాకు వీలుగానే ఉంది.

ఇంటిని చూశాను. ఆమె పెనిమిటి కట్టిన ఇల్లు. రోజూ పనిలోంచి వచ్చేటప్పుడు నెత్తిన ఒక రాయి తెచ్చి పెట్టేవాడట. గడప ఒక్కటే రాయి, అద్దంలా నునుపు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి దగ్గుతూ పోయాడు. చివరి రోజుల్లో పడుకుని ఆ గడప మీద చెయ్యి వేసుకునే ఉండేవాడని, మామూలు సంగతి చెప్పినట్టు చెబుతూ నాకు రెండో రొట్టె వేసింది.

అప్పుడు చెప్పాను. ఆ పాదాలు మా అమ్మవి, ఆమె దేవత కాదు, ఈ ఊరి దొరసాని, అది ఆమెను దహనం చేసిన చోటు అని. మా అమ్మ రాతి కోసం నీ ఇల్లు పోగొట్టుకోవద్దు, గుడ్డ విప్పెయ్యి అన్నాను.

ఆమె రొట్టె కొట్టడం ఆపింది. కోప్పడుతుందనుకున్నాను. ఇన్నాళ్ళూ పసుపు పూసింది ఎవరికో తెలిశాక చేతులు కడుక్కుంటుందనుకున్నాను. పెనం మీద రొట్టె మాడింది.

"మీ అమ్మ పేరేంది?" అంది.

"రుక్మిణి. రుక్కమ్మ అనేవాళ్ళు."

"రుక్కమ్మ" అని ఆమె ఒకసారి అనుకుంది. ఆ పేరు ఇంకొకరి నోట విని ఎన్నేళ్ళయిందో. నాన్నగారు ఎన్నడూ అనలేదు. పెద్దమ్మ పోయాక అనేవాళ్ళే లేరు.

"ఏ అమ్మయినా ముందుగల్ల ఎవలకో ఒకలకు అమ్మనే గద సారూ. ముత్యాలమ్మ గానీ పోచమ్మ గానీ ఎవల బిడ్డలో మనకెర్కనా? పండు మీద చెట్టు పేరుంటదా?" అంది. మాడిన రొట్టెను పెనం మీంచి తీసేసి, "గుడ్డ నేను ఇప్పితే తీరదు. మేం మొక్కేటోళ్ళం. అమ్మను జర పక్కకు జరుగుమని అడిగే హక్కు మాకు ఎవ్వలికి లేదు. గా హక్కు కొడుకుది. నువ్వు అడుగు. శుక్రారం పువ్వు పెడదం" అంది.

పువ్వు పెట్టడమంటే మన వైపు కూడా కొన్ని ఊళ్ళలో ఉంది. తడి రాతికి పువ్వు అంటించి అమ్మవారిని ప్రశ్న అడుగుతారు. కుడి పక్కకు రాలితే సరేనని, ఎడమకు రాలితే కాదని. నేను ఊరు విడిచి ఊరు వచ్చింది ఆ రాతిని ఎవరూ కదపకూడదని. దాన్ని కదలమని నన్నే అడగమంటోంది ఆమె. సరే, అడుగుతానన్నాను. ఇల్లు ఆమెది.

శుక్రవారం

తిరుగు టిక్కెట్టు మార్పించుకుని శుక్రవారం దాకా ఉన్నాను. ఆ రోజు శ్రీనివాసు మాప్ పట్టుకుని వచ్చాడు. అప్పటికి ఎల్లమ్మ వీధి వీధంతా పాదాలమ్మ కొడుకు వచ్చిండని చెప్పి ఉంది. ఏ ఇంటి కొడుకో మాత్రం చెప్పలేదు. శ్రీనివాసు నా మొహంలోకి చూసి, "మీరు నాకు చెప్పనే లేదేమండీ మామయ్యా" అన్నాడు.

"ఇక్కడ ఉండేవాణ్ణి కాదు కదా" అన్నాను. అతని మొహం ఎర్రబడింది. అనకుండా ఉండాల్సింది.

సాయిలు వచ్చాడు. నా చుట్టూ ఒకసారి తిరిగి నా ముక్కును, చెవులను చూశాడు. ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నాకు మాత్రమే వినబడేట్టు, "నీ అయ్యకు మొక్కను. ఆమెకు మొక్కుత" అన్నాడు. అంతే.

ఎల్లమ్మ రాతిని కడిగింది. పసుపు పోయాక నల్లటి వేళ్ళు బయటపడ్డాయి, రోజూ చేతులు తగిలి తగిలి అరిగి నున్నబడ్డాయి. నా కళ్ళకంటే ఆమె చేతికే మా అమ్మ పాదాలు బాగా తెలుసు. రెండు పాదాల మధ్య బంతిపువ్వు అంటించి నన్ను అడగమంది. ఏమని అడగాలి? అమ్మా అని పిలిచి యాభై ఏళ్ళయింది. పిలవగానే అడిగేది నీ చోటు ఖాళీ చెయ్యమనా? మనసులోనే అడిగాను, ఈమె ఇల్లు నిలబడాలి, కొంచెం జరుగుతావా అని. పువ్వు కదల్లేదు. ఎండ ఎక్కుతోంది. ఆడవాళ్ళు కొంగులు తల మీదికి లాక్కున్నారు, ఎవరూ వెళ్ళలేదు. అది ఎటు పడాలని కోరుకుంటున్నానో నాకే తెలియలేదు. ఎడమకు పడితే అమ్మ నాకు ఇక్కడే ఉంటుంది. కుడికి పడితే ఆమె నా మాట విన్నట్టు.

కుడికి పడింది.

ఆడవాళ్ళు గట్టిగా ఊపిరి వదిలారు. అమ్మ సరేనన్నాక ఆమెను వాకిట్లో నిలబెట్టకూడదట, వెంటనే తీసుకుపోవాలి. ఎల్లమ్మ ఇంటి ముందు చింతచెట్టు పక్కన, వంపు లేని సున్నపు గీతకు బాగా ఇవతల, అప్పటికప్పుడు మట్టి తిన్నె వేశారు. ఇద్దరు మనుషులు గడ్డపారలతో రాతిని లేపారు. కింద మట్టి తప్ప ఏమీ లేదు. ఎవరు మోస్తారని ఎవరూ అడగలేదు. నా తల మీద గుడ్డ చుట్ట పెట్టి రాతిని ఎత్తారు. నేను ఏ బరువూ నెత్తిన మోసి ఎరగను. మెడ వంగకుండా నడవడం ఒక్కటే నాకు వచ్చు, అది ఆ రోజు పనికొచ్చింది.

అమ్మను మోసుకొచ్చేవాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోయడం వాళ్ళ ఆచారం. తిన్నె మీద దింపే ముందు వీధంతా ఒకసారి తిప్పాలట, ప్రతి ఇంటి ముందూ ఒక చెంబు. వేడెక్కిన నేల మీద ఆ నీళ్ళు నా పాదాల మీంచి జారుతుంటే, మనం అత్తవారింటికి వచ్చిన కొత్తకోడలి కాళ్ళు కడిగే సంగతి గుర్తొచ్చింది. సాయిలు కర్ర చంకలో పెట్టుకుని, వంగి, చెంబుతో తనే పోశాడు. నా మొహం చూడలేదు.

శ్రీనివాసు ఈలోగా గుంజకు ఉన్న గుడ్డలన్నీ విప్పి పట్టుకుని నిలబడ్డాడు. దారిని నేరుగా పోనివ్వమన్నారు జనం. ఇక్కడ అక్కర్లేకపోయిన వంపును ఇప్పుడు బడి దగ్గర అడుగుతామన్నారు. వాళ్ళు దాని గురించి వాదించుకుంటూ అతని చుట్టూ చేరారు. తిన్నె దగ్గర మిగిలింది నేను, ఎల్లమ్మ.

రాయి దింపాక ఆమె పాదాల చుట్టూ మట్టి సర్దుతూ, "అమ్మ ఎటు జూడాలె?" అని అడిగింది. కొడుకే చెప్పాలట.

గడి ఉన్న దిక్కు చూశాను. గోడ మీద గాజు పెంకులు మెరుస్తున్నాయి. తూర్పు చూశాను, రాజమండ్రి అటే, ఎంత దూరమో.

"మీ గడప వైపు" అన్నాను.

ఆమె రాతిని రెండు చేతులతో కొంచెం తిప్పింది. వేళ్ళు ఇంటి లోపలికి తిరిగాయి, ఎవరో చాలా దూరం నుంచి నడిచి వచ్చి, ఇప్పుడే వాకిట్లో ఆగి, లోపలికి అడుగు పెట్టబోతున్నట్టు.